కౌలుకు కాగితం రాసిచ్చాను

మా ఆయన పోయేనాటికి కారంపూడి పక్కన మా వాటా నల్లరేగడి చేను ఇంకా మామగారి పేరు మీదే ఉంది. ఆయన బతికుండగా అన్నదమ్ములిద్దరికీ నోటిమాటతో పంచారే గాని పట్టాలు మార్చలేదు. నాకు అరక కట్టే దిక్కు లేదు. కౌలుకిద్దామంటే తీసుకునేవాళ్లు లేరు. మా బావగారే దున్నుకుని, తనకు తోచినన్ని జొన్నలు పంపేవారు.

చర్చి వెనకింటి ఆయన ఎడ్లు కొనుక్కుని కౌలుకు చేను వెతుకుతున్నాడు. అడిగితే తల అడ్డంగా ఊపాడు.

"మీ బావగారు వచ్చి అరక ఆపితే ఎవురికి చెప్పుకోవాలక్కా? పట్టా నీ పేరున ఉంటే ఇప్పుడే దున్నుతా."

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. మర్నాడే బస్సెక్కి గురజాల తాలూకా ఆఫీసులో అర్జీ పెట్టాను. మా కరణం నవ్వాడు.

"ఆడమనిషివి, పట్టాతో ఏం జేస్తావమ్మా?"

"కౌలుకిస్తా" అన్నాను.

ఆ వేసవంతా ఆఫీసు చుట్టూ తిరిగాను. చివరికి తహసీల్దారు విచారణకు ఊళ్లోకి వచ్చారు. పంపకమే జరగలేదన్నారు బావగారు. పంపకానికి సాక్షులుగా ఉన్న పెద్దమనుషులు నేలచూపులు చూశారు. అప్పుడు, బావగారింట్లోనే ఉంటున్న మా అత్తగారు జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది.

"పంచింది నా మొగుడు. గట్టు మీద నేనూ ఉన్నా. అది నా చిన్నోడి చేను, ఇప్పుడీ పిల్లది."

"నువ్వూరుకోమ్మా!" అని బావగారు గద్దించినా ఆగలేదు. ఆ సాయంత్రమే బట్టల మూటతో మా ఇంటికి వచ్చేసింది.

పట్టా చేతికొచ్చింది. ఎడ్లాయన తనంతట తానే వచ్చి, ఇంకో మాట అడిగాడు.

"ఒక్క ఏడాదికైతే వద్దక్కా. చేలో చానా రాళ్లున్నయ్. నేను ఏరి కట్ట పోశాక నువ్వు ఇంకొకరికిస్తే నా కష్టం ఏం గాను? అయిదేళ్లకు రాసియ్యి."

భూములున్నవాళ్లు వద్దని వారించారు. కౌలుదార్లకు హక్కులిచ్చే చట్టం వచ్చింది, కాగితమిస్తే చేను వదలడన్నారు. ఆ భయంతోనే వాళ్లు ఏటా మనిషిని మార్చేవారు. నాకూ బెదురు పుట్టకపోలేదు. కాని చేతిలో ఆధారం లేని బతుకు ఎట్లా ఉంటుందో నేను చూశాను. అయిదేళ్లకు రాసి సంతకం చేసిచ్చాను.

ఎడ్లాయనా, ఆయన భార్యా ఎండల్లో రాళ్లేరి పల్లం వైపు కట్ట కట్టారు. వానలకు మన్ను కొట్టుకుపోవడం ఆగింది. జొన్న తప్ప ఎరగని చేలో మిరప పండించారు. గడువు తీరినప్పుడు నేనే కబురు పెట్టి మళ్లీ రాసిచ్చాను.