కంప్యూటర్ బోర్డుకి నూనె పట్టించిన మావయ్య

అరచేతిలో పట్టే కంప్యూటర్ బోర్డు ఒకటి తెప్పించుకుని, అందులో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించడానికి మూడు రోజుల సెలవు ధారపోశాను. ఎన్నిసార్లు ఆన్ చేసినా మెమరీ కార్డు కనబడలేదని చెప్పి ఆగిపోయేది. ఇంటర్నెట్ ఫోరంలో సాయం అడిగితే ఒక్కరూ పలకలేదు.

ఈ రోజు భోజనం చేసి వచ్చేసరికి బోర్డు నూనెతో నిగనిగలాడుతోంది. పక్కన మా మావయ్య గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. పెడనలో నలభై ఏళ్లుగా చెక్క అచ్చులతో బట్టల మీద కలంకారీ అద్దకం చేస్తున్న మనిషి.

"ఏం చేశావ్ మావయ్యా!" అని అరిచాను.

"ఇంత సన్నంగా చెక్కిన కొత్త అచ్చుకి నూనె పట్టించకుండా ఎవరన్నా పని మొదలెడతారట్రా? అందుకే మొరాయిస్తోంది" అన్నాడు తాపీగా.

ఏడుపొక్కటే తక్కువ. కార్డు ఊడదీసి, అన్నిటినీ స్పిరిట్‌తో తుడిచి, ఆరబెట్టి, ఆశ వదులుకునే ఆన్ చేశాను. లినక్స్ బుద్ధిగా వచ్చి లాగిన్ అడిగింది!

తుడిచినప్పుడు కార్డు పెట్టేచోట దుమ్ము పోయింది, అంతే. ఆ మాట ఎంత మొత్తుకున్నా వినే నాథుడు లేడు. మావయ్య చాటింపుతో వీధంతా నూనె మహిమే అంటోంది.

ఇప్పుడే ఫోరంలో ఒకాయన మేలుకుని "ఎలా బాగైంది?" అని అడిగాడు. ఏమని రాయమంటారు?