పద్మక్క కన్న బిడ్డ

తడిపిన నూలు గుడ్డ మీద ఇస్త్రీపెట్టె ఆనించగానే లేచే ఆవిరి వాసనకు నాకిప్పటికీ పద్మక్క గుర్తుకొస్తుంది. మార్కాపురంలో ఆమెకు జాకెట్లు కుట్టే దుకాణం ఉండేది. పెళ్లయి కొత్తగా ఆ ఊరొచ్చిన నాకు కుట్టుపని నేర్పింది ఆమే. అప్పటికే ఆమె కిడ్నీలు రెండూ చెడిపోయి, వాళ్లమ్మ ఇచ్చిన కిడ్నీతో బతుకుతోంది.

పిల్లల్ని కనాలంటే మార్పిడి తర్వాత కొంతకాలం ఆగాలని, కడుపులో బిడ్డకు హాని చేసే మాత్రలు ముందే మార్చుకోవాలని డాక్టరమ్మ చెప్పింది. అక్క అన్నీ పాటించింది. నెల తప్పిందని తెలిసి కంభం నుంచి వాళ్లమ్మ వచ్చి, దుకాణంలోనే నిలబడి ఏడ్చింది.

“నేనిచ్చింది నువ్వు బతకాలని. అది గూడా పోతే ఇంకోటి యాడ తెచ్చేది?”

“బతికి ఏం చేయాల్నమ్మా? మాత్రలు మింగుకుంటా కూర్చోవాల్నా?” అంది అక్క. కాసేపటికి తల్లి చేయి పట్టుకుని, “నాకూ భయమే,” అంది మెల్లగా.

ఆరో నెలలో పాదాలు వాచి చెప్పులు పట్టలేదు. ఒక మధ్యాహ్నం మిషను తొక్కుతూ, కళ్ల ముందు మెరుపులొస్తున్నాయంది. ఆమె భర్త, నేను కారులో గుంటూరు తీసుకెళ్లాం. బీపీ అదుపులోకి రాలేదు. వెంటనే కాన్పు చేయకపోతే తల్లి దక్కదన్నారు. ఆడపిల్ల పుట్టింది. గాజుపెట్టెలో రెండు రోజులు ఊపిరి తీసుకుని పోయింది. కిడ్నీ మాత్రం నిలిచింది.

అక్క మళ్లీ దుకాణం తెరిచాక, వచ్చినవాళ్లంతా ఆ మాట తప్పించేవారు. ఒక పెద్దామె మాత్రం ఓదార్పుగా, “నువ్వు దక్కినావు, అదే చాలు. అసలు కడుపే రాలేదనుకో,” అంది.

అక్క కత్తెర కింద పెట్టింది. “ఎట్లనుకునేది పిన్నీ? వచ్చింది గదా. వెన్నెలని పేరు పెట్టినాం. నా వేలు పట్టుకునింది.”

పెద్దామె వచ్చి అక్క పక్కన కూర్చుంది. తర్వాత, “ఎవరి పోలికమ్మా?” అని అడిగింది.

“మా అమ్మ పోలిక. ముక్కు అచ్చం ఆమెదే,” అంటూ, ఆసుపత్రి నుంచి వచ్చాక మొదటిసారి అక్క గట్టిగా ఏడ్చింది.

కొన్నేళ్లకు ఆ కిడ్నీ కూడా పనిచేయడం మానేసింది. డయాలిసిస్ ఎక్కువకాలం ఆదుకోలేదు. పోయిన వానాకాలం అక్క వెళ్లిపోయింది. కిడ్నీ ఇచ్చిన తల్లి మిగిలింది.

మొన్న బేస్తవారిపేటలో మా బంధువుల అమ్మాయికి పుట్టిన బిడ్డ దక్కలేదు. ఇంటినిండా ఉన్న జనం వానల గురించి, పంటల గురించి మాట్లాడుకుంటున్నారు. నేను వెళ్లి ఆమె మంచం మీద కూర్చుని, “బిడ్డ ఎట్లుండింది తల్లీ?” అని అడిగాను. ఆ పిల్ల నా చేయి గట్టిగా పట్టుకుంది. సాయంత్రం దాకా చెబుతూనే ఉంది.