యర్రమ్మ మట్టి మెత్తిన దిమ్మలు

యర్రమ్మక్కకు ఏదైనా వానలో తడుస్తుంటే ఒళ్లు మండిపోతుంది. కట్టెలైనా, ఆరబోసిన చోళ్లైనా, నా జీపు సీట్లైనా సరే. పరదా దించకుండా టీకి దిగానంటే, "నీకు జీపిచ్చినోడిని అనాలి ధనుంజయ్!" అని సంతంతా వినబడేలా తిడుతుంది. అలాంటి మనిషికి, తడవడానికే పెట్టిన వస్తువులకు కాపలా పని ఇచ్చారు. ఇచ్చినవాళ్లకు తెలియదు గానీ నాకు అప్పుడే నవ్వొచ్చింది.

అరకు దాటాక, అక్క వాళ్ల ఊరి చివర మెట్టలో కంచె కట్టి, బల్లల మీద బూడిదరంగు దిమ్మలు వరసగా పెట్టారు. కింద మైదానంలో ఒక కెమికల్ ఫ్యాక్టరీ ఉంది. అక్కడి విషపు మడ్డిని సిమెంటుతో కలిపి గట్టిపరిచి పోసిన దిమ్మలవి. భూమిలో పూడిస్తే ఆ విషం లోపలే ఉండిపోతుందా, లేక వానకూ ఎండకూ దిమ్మ పగిలి బయటికి కారుతుందా, అది తేలాలి. మా కొండల్లో వాన, మంచు, ఎండ మూడూ గట్టివే కనుక ఇక్కడ పెట్టారు. ప్రతి దిమ్మ కిందా ఒక పళ్లెం. దిమ్మ మీంచి జారిన వాననీళ్లు సీసాల్లోకి వంచడం, మేకల్ని అదిలించడం యర్రమ్మక్క పని. సీసాలను విశాఖపట్నం చేర్చడం నా పని. పరీక్ష చేసేది యూనివర్సిటీలో ఉండే భానుశ్రీ మేడం.

"చేతులకు తొడుగులు వేసుకోండి. దిమ్మల్ని మాత్రం ముట్టుకోవద్దు" అని మేడం మొదటిరోజే చెప్పింది.

ఒకసారి యర్రమ్మక్క, ఇలాంటి దిమ్మలు ఎక్కడ పూడుస్తారని అడిగింది. మేడం దాచకుండా ఊరి పేరు చెప్పింది. అక్క మొహం మాడిపోయింది. కూతురు సోని కాపురం చేస్తున్నది ఆ ఊళ్లోనే. పెరట్లో నుయ్యి ఉంది, ఇంటిల్లిపాదీ ఆ నీళ్లే తాగుతారు.

"ఇంకా తవ్వలేదు యర్రమ్మగారూ. ఈ దిమ్మలు చెక్కుచెదరకుండా ఉంటే భయం లేదు. పగిలాయంటే ఆ గొయ్యికి అనుమతే ఇవ్వరు" అంది మేడం. యర్రమ్మక్క 'చెక్కుచెదరకుండా ఉంటే భయం లేదు' అన్న ముక్క ఒక్కటే చెవినేసుకుంది.

ఆ వానాకాలం మేడం కాన్పుకు వెళ్లింది. సీసాలు యర్రమ్మక్క అరుగు మీదే ఉండేవి గనుక నేనూ కంచెదాకా పోలేదు. సీసాల అడుగున ఎర్రమట్టి దిగుతుంటే, పరీక్ష గదిలో వాళ్లు గాలికి పడిన దుమ్మనుకున్నారట. చదువుకున్నవాళ్లకు అనుకోవడానికేం తక్కువ!

చలి మొదలయ్యాక మేడం వచ్చింది. నేనూ వెనకే కంచెలోకి వెళ్లి నోరు తెరిచాను. దిమ్మలన్నీ ఎర్రగా, నున్నగా, పండగ గోడల్లా ఉన్నాయి. మా వైపు వానలకు ముందు ప్రతి ఇంటి గోడకూ ఎర్రమట్టీ పేడా కలిపి మెత్తుతారు. యర్రమ్మక్క తన గోడలయ్యాక దిమ్మలకూ మెత్తేసింది.

"ఒక్కటీ పగల్నేదు సూడండమ్మా" అంది మురిసిపోతూ.

మేడం బల్ల పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అరుస్తుందేమో అనుకున్నాను. "ఏడాది పోయింది యర్రమ్మగారూ" అని మాత్రం అంది. ఆ గొంతు విని యర్రమ్మక్క నవ్వు ఆగిపోయింది. దిమ్మల వైపు, తన చేతుల వైపు చూసుకుంది. మెల్లిగా అడిగింది.

"ఇక్కడైతే నేను మెత్తినాను. మా సోని ఊరికాడ భూమిలో పెట్టినాక ఎవులు మెత్తుతారమ్మా?"

ఆ పూట యర్రమ్మక్క అన్నం ముట్టలేదు. కూతురికి నా చేత్తోనే విషం పోసేదాన్నే అని కుమిలిపోయింది.

మట్టి గీకితే దిమ్మ కూడా గీసుకుపోతుందని, అదే మడ్డితో పోసిన కొత్త దిమ్మలు తెచ్చిపెట్టారు. మళ్లీ వానలొచ్చాయి. చినుకు పడితే చాలు, యర్రమ్మక్క అరుగు మీద కూర్చుని చేతులు చంకల్లో దోపుకునేది. వానలకు ముందు పక్కింటివాళ్లు గోడలకు మట్టి కలిపినప్పుడూ అటు చూడలేదు. "ఏటక్కా, సలా?" అని ఆటపట్టించాను. "నోరుముయ్యి" అంది, కళ్లు మాత్రం దిమ్మలున్న మెట్ట వైపే పెట్టి.

వానలు వెనకబట్టాక ఒక పొద్దున్న ఊళ్లోకి జీపు పోనిస్తుంటే అడ్డంగా వచ్చి ఆపింది. "బేగి ఫోను అందే కాడికి తీసుకెళ్లు" అంది. దిమ్మ ఒకటి మూల విరిగి, పెచ్చులు పళ్లెంలో పడ్డాయట. వేలితో ఇంత మట్టి అద్దేస్తే ఎవరికీ తెలిసేది కాదు. ముట్టుకోలేదు.

మలుపు దగ్గర సిగ్నలు దొరికింది. ముందు మేడంకే చేసింది. మేడం అంతా విని, పళ్లెంలో నీళ్లు పరీక్షకు తెమ్మంది. ఇలా పగిలే దిమ్మలను అక్కడ పూడ్చనివ్వరని కూడా చెప్పింది. తరవాత సోనికి చేసింది. ఇంతలో సన్నగా జల్లు పట్టుకుంది. పరదా దించలేదు, నా సీట్లు తడిసిపోతున్నాయి. యర్రమ్మక్క చూడనైనా లేదు.

"ఇరిగిపోనాదే సోనీ! దిమ్మ ఇరిగిపోనాది!" అని అరిచింది.

"ఏడుత్తన్నావేటమ్మా?" అంటోంది అవతల సోని.

"నేదే గుంటా. నీ నుయ్యి నీకుంటాది."