నైరుతి గది గోడ

ఉదయగిరిలోని ఇంటిని చూడడానికి వచ్చిన రెండో కుటుంబం కూడా నైరుతి గది గోడను చేత్తో తడిమి, మాట మార్చి వెళ్లిపోయింది. ఆ గోడకు నడుము ఎత్తు వరకు రంగు పొక్కులుగా లేచి, వాటి కింద తెల్లటి ఉప్పు పిండిలా రాలుతూ ఉండేది.

ఇల్లు మా నాయన కట్టించినది. ఆయన పోయాక పంపకాల్లో అక్క వాటాకు వచ్చింది. అక్క ఆత్మకూరులో ఒక అద్దె గదిలో చిల్లర కొట్టు నడుపుతోంది. ఆ గది యజమాని దాన్ని అమ్మదలచుకుని, దసరాలోగా అక్క కొంటే అక్కకు, లేకపోతే పక్కనున్న మందుల కొట్టుకు ఇస్తానని తేల్చి చెప్పాడు. ఉదయగిరి ఇల్లు సరైన ధరకు పోతేనే కొట్టు నిలుస్తుంది. ఏళ్ల తరబడి ఒక్కతే నిలబడి సంపాదించుకున్న గిరాకీని వేరే వీధికి మోసుకుపోవడం సాధ్యం కాదు.

నేను సివిల్ డిప్లొమా చదివి, కాలువ పనుల్లో సైట్ ఇంజనీరుగా ఉన్నాను. వేసవి మొదట్లో సెలవు పెట్టి వెళ్లేసరికి అక్క పరిష్కారాన్ని ఫోనులో సిద్ధంగా పెట్టుకుంది.

"ఈ పీవీసీ షీట్లు చూడమ్మే. గోడకు కొట్టేస్తే పాలరాయి మాదిరి ఉంటాది. రెండు రోజుల పని."

"షీటు ఎనక గోడ నానుతానే ఉంటాది అక్కా. కొనేవాడు ఏలితో తట్టినాడంటే డొల్ల సప్పుడొస్తాది."

"కాలవలు తవ్వేదానివి, ఇల్లు అమ్మే సంగతి నీకేం తెలుసే?"

"నీళ్లు యాడికి పోతాయో తెలుసు. ముందు అది చూడనీ."

గోడ బయటి వైపు, దాని అడుగును ఆనుకునే తవ్వించాను. పునాదికీ గోడకూ మధ్య, నేలలోని చెమ్మ పైకి ఎక్కకుండా ఆపే సిమెంటు పట్టీ ఒకటి ఉంటుంది. నాయన దాన్ని శ్రద్ధగానే వేయించారు. కానీ అది ఇప్పుడు మట్టిలో మోకాటి లోతున ఉంది. చెమ్మ పట్టీని దాటి, దాని పైనున్న ఇటుకల్లోకి నేరుగా ఎక్కుతోంది.

కారణం మా ఊళ్లో ఇంటింటా ఉన్నదే. సిమెంటు రోడ్డు వేసినప్పుడల్లా పాతదాన్ని తవ్వకుండా దాని మీదే కొత్తది పోస్తారు. రోడ్డు లేచిన కొద్దీ ఇల్లు పల్లమవుతుంది. అందుకని పెరట్లో మన్ను నింపుతారు. నైరుతి ఎత్తుగా, ఈశాన్యం పల్లంగా ఉండాలన్న వాస్తు నియమం ఉంది కాబట్టి ఆ మన్నులో ఎక్కువ భాగం నైరుతి గోడకే చేరుతుంది. మా పెరడు అలాగే లేచింది. డాబా మీది నీటిని దించే గొట్టం కూడా సరిగ్గా ఆ మూలలోనే దిగుతోంది.

మన్ను తీసేయాలన్నాను. అక్క నిర్ఘాంతపోయింది.

"నైరుతిలో గుంట తవ్వుతావా? కొనేమాట అట్టుంచు, గేటు తీసి లోపలికి కూడా రారు!"

ఆ అభ్యంతరం న్యాయమైనదే. వాస్తు మీద నాకున్న అభిప్రాయంతో కొనేవారికి పని లేదు. వారు దాన్ని చూస్తారు కనుక పైకప్పు బరువును లెక్కలోకి తీసుకున్నట్టే దాన్నీ తీసుకోవాలి. ఆ సాయంత్రం కాగితం మీద పెరడు మొత్తం గీశాను. నైరుతిని పట్టీ కిందికి దించి, ఈశాన్యాన్ని అంతకంటే ఎక్కువ దించితే వాలు చెడదు. నీరు చేరే ఈశాన్యంలో ఇంకుడుగుంత తవ్వవచ్చు. అక్కడ నీరుండడం వాస్తుకూ ఇష్టమే. రోడ్డు నీరు లోపలికి రాకుండా గేటు దగ్గర రాతి గడప ఒకటి చాలు.

మేస్త్రీకి ఇది నచ్చలేదు. "ఇంత మన్ను తీసేదానికన్నా నడుము దాకా టైల్స్ ఏయించుకుంటే పోలా అమ్మా?"

"ఉప్పు టైల్స్‌ను దాటుకొని పైకెక్కుద్ది మేస్త్రీ. అప్పుడు సీలింగు దాకా ఏస్తామా?"

ఆయన నవ్వి గడ్డపార అందుకున్నాడు. నీళ్లు నింపిన ట్యూబుతో మట్టాలు చూసుకుంటూ పెరడంతా దించాం. డాబా గొట్టాన్ని గోడకు దూరంగా పొడిగించాం. తీసిన మన్నును పక్కింటాయన సంతోషంగా పట్టుకుపోయి, తన నైరుతి గోడకే పోయించుకున్నాడు. వద్దని చెప్పి చూశాను. "ఊరికే వచ్చిన మన్నుకు వంకలు పెడతావేంది పాపా?" అన్నాడు.

లోపల, చెమ్మ ఎక్కిన ఎత్తుకు మూరెడు పైదాకా పాత పూత చెక్కించాను. ఉప్పును నీటితో కడగనివ్వలేదు. కడిగితే కరిగి మళ్లీ ఇటుకలోకి పోతుంది. తీగ బ్రష్‌తో పొడిగానే దులిపించి, సిమెంటు కలపని సున్నపు పూత వేయించాను. సున్నం లోపలి తేమను బయటికి పోనిస్తుంది. రంగు మాత్రం వద్దన్నాను.

"బోడి గోడలు చూపించి ఇల్లు అమ్ముతావా? దసరా నీకోసం ఆగుతాదా?"

"గోడ ఆరకుండా రంగేస్తే దసరాకు మళ్లీ పొక్కులే అక్కా."

ఒక పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించాను. గోడలో తేమ ఉంటే దాని లోపలి వైపు చెమర్చుతుంది. మొదట్లో బాగా చెమర్చింది. తర్వాత నేను పనికి వెళ్లిపోయినా, కొట్టుకు సెలవైన రోజుల్లో అక్క వచ్చి చూసి ఫోను చేసేది. ఎండలు ముదిరాక ఒకరోజు, "చెమట లేదమ్మే. ఎండిపోయింది," అంది. అప్పుడు కూడా రంగు ఆపమన్నాను: ఒక వాన పడాలి. తిట్టింది, కానీ ఆపింది.

వానకు ముందే వింజమూరు వైపు నుంచి గొర్రెలు పెంచే దంపతులు ఇల్లు చూడడానికి వచ్చారు. ఆ రోజు సెలవు మీద నేనూ అక్కడే ఉన్నాను. ఆమె నైరుతి మూలన చెంబెడు నీళ్లు కుమ్మరించి, అవి ఈశాన్యానికి పోయేదాకా నిలబడి చూసింది. ఆయన గోడ దగ్గర ఆగాడు.

"రంగెందుకు ఏయలా?"

నేను వివరణ మొదలుపెట్టబోయాను. అక్క అడ్డొచ్చింది.

"ఈ గోడకు చెమ్మ ఉండిందన్నా. ఎట్టా వచ్చిందో కనిపెట్టి తీసేసినాము. నా మాట నమ్మొద్దు. గట్టి వాన పడినాక వచ్చి చూసుకోండి."

వారు వెళ్లాక, అంత ధైర్యంగా పంపేసిన అక్క మెట్టు మీద కూర్చుని వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకుంది. దసరా దగ్గర పడుతోంది.

పెద్ద వాన కురిసిన రోజే నేనూ అక్కా ఉదయగిరి చేరుకున్నాం. మర్నాడు ఉదయాన్నే దంపతులిద్దరూ చెప్పకుండా వచ్చారు. నీరు గుంతలోకి ఇంకిపోయింది. ఆయన ఆ గోడకు చెంప ఆనించి చూశాడు.

"సరేగాని, రంగుకయ్యేది ధరలో తగ్గించమ్మా."

"తగ్గించను. ఏ రంగు కావాల్నో మీ ఇష్టం; నేనేసుంటే అది గీకేదానికి కూడా మీకే ఖర్చు," అంది అక్క.

ఆయన భార్య పకపకా నవ్వింది. మధ్యాహ్నానికి తాంబూలంలో బయానా పెట్టి ఇచ్చారు. అక్క అన్నానికి కూడా ఆగకుండా ఆత్మకూరు బస్సెక్కింది. సాయంత్రం నేనే ఫోను చేశాను.

"గది మనదేనే. మాట ఖాయమైంది," అంది. ఇంకేదో అడగబోతుంటే, "ఉండు, కొట్టు నిండా జనం ఉండారు," అని పెట్టేసింది.