తెర మీది పాత జవాబు

ఆఫీసులో అందరూ ఆమెను ‘నిదానం’ అని పిలిచేవారు. ఒక్క లైను కోడ్ రాయాలన్నా పదిసార్లు ఆలోచించే మనిషి మరి. అంతటి నిదానమూ ఒకసారి తొందరపడింది.

ఆమె చూసుకునే ఆసుపత్రి వెబ్‌సైటు నత్తనడక నడుస్తోందని పైవాళ్లు ప్రాణం తోడేశారు. జావాలో రాసిన ఆ సైటు ప్రతి చిన్నదానికీ డేటాబేస్ దగ్గరికి పరుగెత్తేది. నిదానం దానికి ఒక కాష్ లైబ్రరీ జోడించింది. ఒకసారి తెచ్చిన జవాబును దాచిపెట్టుకుని, మళ్లీ అడిగినవాళ్లకు అదే చేతిలో పెట్టడం దాని పని. ఎంతసేపు దాచాలో మనమే చెప్పాలి. డాక్టర్ల పేర్లు, గదుల వివరాలు ఎప్పుడో గాని మారవు కదా అని, అన్నిటికీ కలిపి గంట అని రాసిపారేసింది. సైటు రివ్వుమంది. పైవాళ్లు చల్లబడ్డారు.

వారం తిరక్కుండానే ఆమె భర్తకు కడుపునొప్పి వచ్చి, అదే ఆసుపత్రిలో ఆపరేషన్ అన్నారు. స్ట్రెచర్ మీద పడుకుని ఆయన ఆమె వేలు పట్టుకున్నాడు.

“కళ్లు తెరిచేసరికి ఎదురుగా ఉంటావు కదే?”

“ఉంటాను బాబూ, ఎక్కడికి పోతాను?”

అరగంట పని అన్నాడు డాక్టరు. హాల్లో అత్తాకోడళ్లు, పక్కనే భార్య ఆపరేషన్ కోసం వచ్చిన ఒక తాత, ఆ సైటు వివరాలే కనిపించే గోడ మీది తెరకేసి చూస్తూ కూర్చున్నారు. భర్త నంబరు పక్కన ‘ఆపరేషన్ జరుగుతోంది’ అని ఉంది. అరగంట దాటినా అదే మాట.

“ఇంతసేపేంటమ్మా? నా బిడ్డకేమైనా...”

“అయ్యో, అలా అనకండి అత్తయ్యా!” అందే గాని, ఆమె కూడా తెర మీంచి చూపు తిప్పలేదు.

అంతలో నర్సు వచ్చింది. “ఇక్కడున్నారా! మీ ఆయన్ని వార్డులోకి తెచ్చి చాలాసేపైందండీ. కంప్యూటర్లో అప్పుడే మార్చానే, చూళ్లేదా?”

తెర చూపిస్తున్నది దాచిపెట్టిన పాత జవాబని నిదానానికి అప్పుడర్థమైంది. రోగుల సంగతీ ఆ గంట లెక్కలోనే కలిపేసింది తను!

పరుగున వెళ్లేసరికి ఆయన కళ్లు తెరిచి తలుపు వైపే చూస్తున్నాడు. “ఉంటానన్నావుగా” అన్నాడు పసివాడిలా. ఆమె ఆ చెయ్యి చెంపకు ఆనించుకుని వెక్కివెక్కి ఏడ్చింది, జరిగిందంతా చెప్పింది.

“పిచ్చిదానా, నాకేం కాలేదుగా. మరి అక్కడ ఇంకా ఎవరైనా కూర్చున్నారా?”

ఆమెకు తెర ముందు కూర్చున్న తాత గుర్తొచ్చాడు. భర్తను అత్తయ్యకు అప్పగించి బయటికొచ్చింది. నడుస్తూనే ఆఫీసుకు ఫోన్ చేసి, రోగుల సంగతులు దాచొద్దని, కాష్ ఇప్పుడే ఖాళీ చెయ్యమని చెప్పింది. వాళ్లు చేసేదాకా ఆగలేకపోయింది.

“తాతగారూ, ఆ తెరను నమ్మకండి. రండి, నేను తీసుకెళ్తాను.”

ఆయన లేచి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. వార్డులో ఆయన భార్య ఇంకా కళ్లు తెరవలేదు. తాత కుర్చీ లాక్కుని, ఆవిడకు ఎదురుగా కూర్చున్నాడు.