కాకకు లేని నరం

సగం పాఠం విని పూర్తి డాక్టరైపోయినవాడి చేతిలో దున్నపోతు పగ్గం పెడితే ఎంత అనర్థం జరుగుతుందో మీకు చెప్పి తీరాలి. ఆ డాక్టర్ని నేనే. తొందరపడి జాలి చూపకండి, దున్నపోతు కులాసాగానే ఉంది.

హుస్సేనీ ఆలంలో మాది పాల వ్యాపారం. దీపావళి తర్వాత సదర్ పండుగకు మా దున్నకు నూనె పట్టించి, కొమ్ములకు రంగులేసి, డప్పుల మధ్య ఊరేగిస్తాం. పగ్గం పట్టుకుని ముందు నడిచేది మా నాన్న తమ్ముడు యాదగిరి. నాకు కాక. ఏడాదంతా గేదెల కింద కూర్చుని పాలు పితికే మనిషికి, బస్తీ అంతా చూస్తుండగా మీసం తిప్పే రోజు అదొక్కటే.

నేనప్పుడు ఫిజియోథెరపీ మొదటి సంవత్సరం. ముంజేతిలో పాల్మారిస్ లాంగస్ అనే సన్నటి కండరం ఉంటుందని, కొందరికి పుట్టుకతోనే ఉండదని మా సారు చెప్పారు. ఆ తర్వాత ఇంకో మాట కూడా చెప్పారట. నేను వినలేదు. అప్పటికే పక్కవాడి మణికట్టు పట్టుకుని దాన్ని వెతుకుతున్నాను.

బొటనవేలు, చిటికెనవేలు కలిపి మణికట్టు కాస్త లోపలికి వంచితే, మధ్యలో ఆ కండరం కొస నరంలా పైకి లేస్తుంది. (మీరూ చూసుకుంటున్నారని తెలుసు. చూసుకుని రండి, ఆగుతాను.) నాకు రెండు చేతులకూ బ్రహ్మాండంగా లేచింది. సదర్ రోజు పొద్దున కొట్టంలో అందరి చేతులూ పరీక్షించాను. కాకకు ఏ చేతికీ లేవలేదు.

“నీకు నరం లేదు కాకా. పట్టు ఉండదు,” అన్నాను.

“పట్టు లేకుంటే పొద్దున నువ్వు తాగిన పాలు ఎవలు పిండిన్రు రా?”

“గది అలవాటు కాకా. సైన్స్ వేరే ఉంటది.”

చదువుకుంటున్న కొడుకు మాట తీసేయలేక బాపు పగ్గం నాకిచ్చాడు. కాక తలకు చుట్టుకున్న కొత్త రుమాలు విప్పి భుజాన వేసుకున్నాడు. అది చూసి నాకు బాధేసింది. అయినా సైన్స్‌కు మొహమాటం ఉండదని సర్దిచెప్పుకున్నాను.

చొక్కా చేతులు పైకి మడిచి, నరం నలుగురికీ కనపడేలా నడిచాను. ఎవరో పటాకుల లడీ అంటించారు. దున్న బెదిరి ఉరికింది. నేను పగ్గం వదల్లేదు, ఇది గుర్తుపెట్టుకోండి. వదలడానికి వీల్లేకుండా చేతికి చుట్టుకున్నాను మరి. అది నన్ను ఈడ్చుకుంటూ పోయి చాయ్ హోటల్‌లో, కడిగి బోర్లించిన గ్లాసుల మీద పడేసింది. దున్నకు కూడా చాయ్ కావాలా అని హోటల్ భాయ్ మర్యాదగా అడిగాడు. ఇంతలో కాక వచ్చి పగ్గం అందుకుని ఒక్క గుంజు గుంజాడు. దున్న గేదెదూడలా నిలబడిపోయింది.

నా కుడి బొటనవేలు మాత్రం లేవలేదు. గాజుపెంకు లోపలి నరాన్ని కోసేసిందట. పైకి గాటు చిన్నదే కాబట్టి బెణికిందని చెప్పి కొన్నాళ్లు దాచి, చివరికి ఆస్పత్రికి పోయాను.

“తెగిన కొసలు ఇప్పుడు అందవు. నీ ముంజేతిలో నుంచి ఒక నరం తీసి ఇక్కడ కలుపుతాం,” అన్నారు సర్జన్. “భయపడకు, అది కొందరికి పుట్టుకతోనే ఉండదు. పట్టులో తేడా ఏం రాదు.”

మా సారు ఆ రోజు చెప్పిన రెండో మాట ఇదేనట. మంచం పక్కన నిలబడ్డ కాక, తనకు చెవులు సరిగ్గా వినపడవని చెప్పి ఆ మాట మళ్లీ చెప్పించుకున్నాడు. ఆయన చెవులు భేషుగ్గా పనిచేస్తాయి.

మరుసటి సదర్ నాటికి చెయ్యి పూర్తిగా బాగైంది. పట్టు ఎప్పటిలాగే ఉంది. ధీమాగా పగ్గం అందుకోబోయాను.

“ఆగు,” అన్నాడు కాక. “కుడి చెయ్యి చూపెట్టు. బొటనేలు, చిటికెనేలు కలుపు. వంచు.”

వంచాను. ఏదీ లేవలేదు.

“ఎడమ చేతికి ఉంది కాకా.”

“ఎడమ చేత్తోని పగ్గం ఎవలు పడతరు రా?” అని నా మణికట్టు మీద వేలితో తట్టాడు. “నరం లేదు బిడ్డా. పట్టు ఉండదు.” రుమాలు తలకు చుట్టుకుని, మీసం తిప్పి, దున్నను తోలుకుపోయాడు.

కాబట్టి మూసీ సాక్షిగా, మా దున్న రంగుల కొమ్ముల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: సారు చెప్పేదంతా చెప్పి, పుస్తకం మూసి, గది దాటి వెళ్లేదాకా ఇక ఈ జన్మలో ఎవరి చేయీ పట్టుకోను.