పండ్ల డాక్టరుగారి ఆదివారం

మామగారు పండ్లు కొనరు, పరీక్షిస్తారు. ఈ సంగతి కొత్తకోడలికి ఆ ఇంట్లో అడుగుపెట్టిన మొదటి ఆదివారమే తెలిసింది. ఎవరో చెప్పగా తెలియలేదు. పండ్ల కొట్టు ముందు నిలబడీ నిలబడీ, కాళ్లు పీకుతుంటే తెలిసింది.

ఆయన బతుకంతా చేతి గడియారాలు బాగుచేసిన మనిషి. గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని, లోపల ఏ చక్రం అరిగిందో విని చెప్పేవారట. ఆదివారం గడియారాల కొట్టుకు సెలవు కనుక, ఆ రోజుకు ఆ చెవిని పుచ్చకాయలకు కేటాయించారు. ఇప్పుడు కొట్టు వేరేవాళ్లకు అప్పగించి ఇంటిపట్టున ఉంటున్నా, ఆదివారం పద్ధతి మాత్రం మారలేదు. పుచ్చకాయను పసిపాపను ఎత్తుకున్నట్టు భుజానికెత్తుకుని, చెవి ఆనించి, కళ్లు మూసుకుని, వేలి కణుపుతో టకటకలాడిస్తారు. ఆ సమయంలో పక్కవాళ్లు గట్టిగా ఊపిరి తీసుకున్నా ఆయనకు కోపమే. ఓసారి రోడ్డు మీద లారీ హారన్ మోగితే, కాయను దించి, లారీ మలుపు తిరిగేదాకా దాని వంకే గుర్రుగా చూసి, మళ్లీ మొదటికొచ్చారు. అందుకే వీధిలో అందరూ ఆయన్ని పండ్ల డాక్టరుగారంటారు. వెక్కిరింపుగా పెట్టిన పేరే. ఆయన మాత్రం దాన్ని బిరుదులాగా భుజాన వేసుకుని తిరుగుతారు.

బొప్పాయికి తొడిమ దగ్గర వాసన చూడాలి. బత్తాయిని అరచేతిలో ఎగరేసి బరువు చూడాలి. ద్రాక్షగుత్తి కాడ పచ్చగా ఉందా లేదా చూడాలి. ఇవన్నీ ఎవరైనా చూస్తారు. ఆయన అంతటితో ఆగరు. పండుతో మాట్లాడతారు, పండు గురించి కొట్టతనితో మాట్లాడతారు, కొట్టతని గురించి పండుతో మాట్లాడతారు.

"బాబూ, ఈ బొప్పాయి నా దగ్గర ఏదో దాస్తోంది."

"గింజలు సార్. అవి తప్ప దాని దగ్గర దాచడానికేం లేదు."

"కాదు, దీని వాలకం వేరు. పక్కదాన్ని ఇలా ఇయ్యి."

ఆ పక్కదాని పక్కదాకా, దాని పక్కదాకా వెళ్లి, చివరికి మొదటిదే తీసుకునేవారు. ఒకసారి ఎవరో ఆవిడ ఆపిల్ పండ్లు ఏరుకుంటుంటే చూడలేక, ఆవిడ బుట్టలోంచి ఒకటి తీసేసి, తొడిమ ఎండిపోయిందమ్మా, ఇది పెట్టుకోండి అని ఇంకోటి వేశారు. ఆవిడ ఈయనే కొట్టు మనిషి కాబోలనుకుని, తూకం వెయ్యమంది. మామగారు మారుమాట లేకుండా తూకం వేసి, సంచిలో సర్ది, రిక్షా దాకా మోసుకెళ్లి ఇచ్చి వచ్చారు.

ఇదంతా ఆయనొక్కరే చేసుకుంటే ఎవరికీ ఇబ్బంది లేదు. కానీ ఇంటిల్లిపాదీ వెంట రావలసిందే. బావగారికి బత్తాయిల శాఖ, తోడికోడలికి ద్రాక్ష శాఖ. వాళ్ల పిల్లలిద్దరి కళ్లు లేతవి కనుక జామకాయల్లో పురుగు చిల్లులు వెతకడం వాళ్ల పని. కొత్తకోడలి భర్త సంచులు మోస్తాడు. కొత్తకోడలి ముక్కు మీద మామగారు పెద్ద ఆశలే పెట్టుకున్నారు. పాత ముక్కులన్నీ ఆయనకు అలవాటైపోయాయట.

ఇంట్లో ఎవరున్నా ఇదే వరస. కుళాయి బాగుచేయడానికి వచ్చినవాణ్ని, పని మధ్యలో ఉండగా, నీది కొత్త చెయ్యి, కాస్త వచ్చి నొక్కి చూడవయ్యా అని లాక్కెళ్లారు. కొత్తకోడలి తండ్రి కూతుర్ని చూడటానికి వచ్చి, మోకాలు నొప్పితో కుర్చీలో చేరగిలబడి పేపరు విప్పాడో లేదో, వియ్యంకులుగారూ లేవండి అన్నారు మామగారు. ఆయన తిరిగి ఇంటికి వెళ్లాక భార్యతో, అమ్మాయి సుఖంగానే ఉంది, నాకే ఆ ఇల్లు సరిపడదు అన్నాడట.

ఒక్క అత్తగారికి మాత్రం మినహాయింపు.

"మీ అత్తయ్యది వేడి చెయ్యి. తను ముట్టుకున్న పండు సాయంత్రానికి మెత్తబడిపోతుంది" అని మామగారు అందరి ముందూ అనేవారు. ఆవిడ గుమ్మం దాకా వచ్చి, అందరూ మెట్లు దిగేదాకా చూసి, తలుపు వేసుకునేవారు. ఆ తలుపు చప్పుడు వింటే కొత్తకోడలికి మనసు చివుక్కుమనేది. వారమంతా ఆ ఇంట్లో సందడే. బావగారు హాల్లో కంప్యూటరు పెట్టుకుని ఇంటినుంచే ఉద్యోగం చేస్తాడు. తోడికోడలు ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుంది కనుక, కొలతలిచ్చేవాళ్లూ, బిగుతైంది వదులైందని వచ్చేవాళ్లూ తెగరు. మామగారు సరేసరి. వీళ్లందరికీ వండి, వార్చి, టీలు అందించే మనిషిని, ఉన్న ఒక్క సెలవురోజూ ఇంట్లో వదిలేసి పోవడమా అని ఆమెకు బాధ.

కొత్తకోడలు పార్సిళ్లు వేళకు చేరవేసే కంపెనీలో పని చేస్తుంది. ఆలస్యమంటే ఆమెకు ఒంటికి పడదు. కొన్ని వారాలు ఓర్చుకుంది. ఆపైన ఓ శుక్రవారం ఫోనులో అక్కడా ఇక్కడా నొక్కి, శనివారం సాయంత్రానికల్లా పండ్లు గుమ్మంలోకి వచ్చేలా ఏర్పాటు చేసేసింది. ఇక ఆదివారం ఎవరూ ఎక్కడికీ వెళ్లనక్కర్లేదు, అందరం అత్తయ్యతోనే ఉందాం అని ప్రకటించింది. పిల్లలు గంతులేశారు. బావగారు ఆమెకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు.

అట్టపెట్టె వచ్చింది. ఒక్కో పండుకూ వల తొడుగు. మామగారు బీరువాలోంచి పాత భూతద్దం తెచ్చి ఒక్కొక్కటే తిప్పి చూశారు. ఎంత వెతికినా వంక దొరకలేదు.

"పండ్లు బాగానే ఉన్నాయి. కానీ వీటితో మనకు పరిచయం లేదు" అన్నారు.

ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత ఆయన కొబ్బరికాయలు చూసొద్దామన్నారు, ఎవరూ కదల్లేదు. కూరగాయలన్నారు, కదల్లేదు. చివరికి ఊరికే అలా నడిచొద్దామన్నా కూడా కదల్లేదు. ఇంట్లోనే ఈ గదిలోంచి ఆ గదిలోకి తిరుగుతూ, మాటిమాటికీ వంటింటి వైపు చూస్తూ, ఏం చెయ్యాలో తోచనట్టు ఉండిపోయారు.

ఆదివారాలు ఇంట్లోనే గడవసాగాయి. పిల్లలు హాల్లో సైకిలు తొక్కారు. ఆదివారం కూడా మనిషి దొరుకుతుందని తెలిసి, కుట్టించుకునేవాళ్లు ఆ రోజూ రావడం మొదలుపెట్టారు. బావగారు నిద్ర లేవడానికి ఒక టీ, లేచినందుకు ఇంకో టీ అడిగాడు. నీలం చొక్కా ఎక్కడుందో, కత్తెర ఎక్కడుందో, ఇల్లంతా అత్తగారినే అడిగింది. కొత్తకోడలైతే ఆవిడకు తోడుగా ఉండాలని పంతం పట్టి, వంటింట్లో వెనకాలే నిలబడి, ఏం చెయ్యమంటారత్తయ్యా అని అడుగుతూనే ఉంది.

అత్తగారు మారిపోవడం మొదలైంది. కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. గరిట చేతిలో పెట్టుకుని గరిట కోసం వెతికారు. ఒక ఆదివారం పొద్దున, వెనక్కి తిరిగేసరికి కోడలు తగిలితే, ఆవిడ గొంతు పెంచకుండానే అన్నారు:

"కాసేపు నా వెనకాల నిలబడటం మానెయ్యమ్మా."

ఆ ఇంట్లో అత్తగారు ఎవర్నీ అంతమాట అని ఎరగరు. కొత్తకోడలు స్నానాలగదిలోకి వెళ్లి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చుకుంది. ఆవిడ కోసమే కదా ఇంత చేసింది. బయటికొచ్చేసరికి ఇంకో వార్త. అత్తగారు అటకమీది సంచి దింపి బట్టలు సర్దుతున్నారు. చెల్లెలింటికి వెళ్లి కొన్నాళ్లు ఉండి వస్తాను, మధ్యాహ్నం బస్సుకు వెళ్తాను అన్నారు. చెల్లెలింట్లో ఇంతకన్నా ఎక్కువమంది. ఆ సంగతి అందరికీ తెలుసు, ఆవిడకూ తెలుసు. అయినా సర్దుతూనే ఉన్నారు. కొడుకులిద్దరూ ముఖముఖాలు చూసుకున్నారు. మామగారు మంచం అంచున కూర్చుని, ఆ సంచినే చూస్తున్నారు.

వట్టి చేతులతో ఎలా పంపడం, నిన్నటి పెట్టెలో పండ్లు అప్పుడే అయిపోయాయి, నేను పట్టుకొస్తాను అంది కొత్తకోడలు. మామగారు చెప్పుల్లో కాళ్లు పెట్టి, పద అన్నారు. ఈయనతో వెళ్తే మధ్యాహ్నం బస్సేమిటి, మర్నాటి బస్సు కూడా అందదు అనుకుంది ఆమె.

కొట్టు దగ్గర ఆమె సంచి విప్పేలోపు మామగారి చెయ్యి గుట్టల మీద అలా అలా తిరిగింది. బత్తాయిలు, ఆపిల్ పండ్లు, ఒక బొప్పాయి, ఒక పుచ్చకాయ. చెవి లేదు, ముక్కు లేదు, మాటల్లేవు. తూకం వెయ్యి బాబూ అన్నారు. ఆమె నమ్మలేక ఒక్కొక్కటే తీసి చూసింది. అన్నీ ఒకదాన్ని మించి ఒకటి ఉన్నాయి.

కొట్టతను నవ్వాడు. "ఒక్కరే వచ్చినప్పుడు సార్ ఇంతేనమ్మా. నేను కవరు తీసేలోపు ఏరేస్తారు. మీరంతా వెంట ఉంటేనే ఆ వైద్యమంతా."

కొత్తకోడలు సంచి కింద పెట్టేసింది. విషయం చెబితే గాని ఇక్కణ్నుంచి కదలను అంది. మామగారు కొట్టు పక్కనున్న బల్ల మీద కూర్చుని చెప్పారు.

కొడుకులిద్దరూ చిన్నపిల్లలుగా ఉన్న రోజుల సంగతి. ఇంకా చిన్న ఇల్లు. ఆయన అమ్మా నాన్నా, తమ్ముళ్లూ, అందరూ అందులోనే. ఒక సాయంత్రం అత్తగారు ఆరిన బట్టలు మడతపెడుతూ, ఈ ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్న రోజు ఒక్కటీ లేదండీ అన్నారట. ఉంటే ఏం చేస్తావని ఈయన అడిగారు.

"ఏమీ చెయ్యను అంది. ఆ మాట చెప్పేటప్పుడు మీ అత్తయ్య మొహం చూడాలమ్మా. ఏదో పెద్ద నగ అడిగినట్టు సిగ్గుపడిపోయింది."

మర్నాడే ఆయన ఇంట్లో అందరికీ ఉన్నమాట చెప్పి చూశారు. పెద్దాళ్లు కంగారుపడ్డారు, కోడలికి మేమేం తక్కువ చేశామని. ఆవిడ అంతకన్నా కంగారుపడి, అబ్బే అదేం లేదని అందర్నీ కూర్చోబెట్టి టీ పెట్టారు. ఇక ఇలా లాభం లేదని ఈయనకు పండ్ల పిచ్చి పట్టింది.

"నా పెళ్లాం కోసం అందరూ బయటికి నడవండి అంటే, అందరికన్నా ముందు తనే అడ్డం పడుతుంది. నన్ను పిచ్చాడనుకుంటే ఎవరికేం పోయింది? చెయ్యి వేడి అనకపోతే తనూ సంచి పట్టుకుని బయల్దేరుతుంది."

"అత్తయ్యకి తెలుసా?"

"తెలియదు. తెలిస్తే మొహమాటపడి మానిపించేస్తుంది."

కొత్తకోడలికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఏడ్వడం పొద్దున్నే అయిపోయింది కనుక నవ్వింది. ఆ తర్వాత ఫోను తీసి భర్తకు చేసింది. మామయ్యగారు బొప్పాయి దగ్గర ఆగిపోయారు, నా ఒక్కదాని వల్ల కావడం లేదు, బావగారిని లేపి, అక్కయ్యనీ పిల్లల్నీ వెంటబెట్టుకుని ఉన్నపళాన రండి అంది. అమ్మను కూడా తీసుకురమ్మంటావా అని అతనడిగాడు.

"వద్దు వద్దు. అత్తయ్యది వేడి చెయ్యి" అంది.

అందరూ వచ్చారు. బావగారు చెంప మీద దిండు గీతలతో వచ్చాడు. తోడికోడలు మెడలో టేపుతోనే వచ్చింది, ఆమె వెనకాల కొలతలివ్వడానికి వచ్చిన ఆవిడ కూడా వచ్చింది. మామగారు వాళ్లనీ, కొత్తకోడలినీ మార్చి మార్చి చూశారు. నెమ్మదిగా సంచిలోంచి పుచ్చకాయ బయటికి తీసి, భుజానికెత్తుకుని, కళ్లు మూసుకున్నారు. కొట్టతను పక్క స్టూలు లాక్కుని స్థిమితంగా కూర్చున్నాడు.

ఆ రోజు పండ్ల డాక్టరుగారిని మించిన డాక్టరు తయారైంది. కొత్తకోడలు బొప్పాయికి వాసన చూసి, అనుమానంగా ఉంది, పెద్దవాళ్లు కూడా చూడాలి అని అందరి ముక్కుల దగ్గరికీ తిప్పింది. పిల్లలు ఏరిన జామకాయలు మళ్లీ కుప్పలో కలిపేసి, మొదటినుంచి వెతకమంది. కొలతలావిడకు ఆపిల్ శాఖ అప్పగించింది. బస్సు వేళ దాటిపోతోందని భర్త గుర్తుచేస్తే, చెడ్డ పండు పట్టుకెళ్లి చెల్లెలి ముందు పరువు పోగొట్టుకోవడం కన్నా బస్సు పోవడమే నయమని తేల్చేసింది. మామగారు మెచ్చుకోలుగా తలపంకించి, ఈ ముక్కు వృథా కాలేదురా అన్నారు కొడుకుతో. చివర్లో బొప్పాయి మాత్రం నేనే ఏరుతానని కొత్తకోడలు పట్టుబట్టి, ఎంతో ఆలోచించి ఒకటి ఎంచింది.

ఇంటికొచ్చి తలుపు కొడితే, తెరవడానికి కాస్త ఆలస్యమైంది. హాలు మధ్యలో, ఫ్యాను కింద, నేల మీద ఒక దిండు ఉంది. పక్కన సగం తాగిన టీ కప్పు, బిస్కెట్ పొడి. రేడియో ఏదో పాడుతోంది. అత్తగారి జుట్టు విరబోసి ఉంది, మొహం కడిగిన పలకలా ఉంది. సంచి మళ్లీ అటకెక్కింది. బస్సు ఎటూ పోయింది కదా, వచ్చే నెల వస్తానని చెల్లికి ఫోను చేసేశాను అన్నారు. పండ్లు కొనడానికి ఇంతసేపా అని అందర్నీ కలిపి కేకలేశారు. ఆ కేకలు విని బావగారు హాయిగా ఊపిరి పీల్చుకుని మళ్లీ పడుకోవడానికి వెళ్లబోయాడు గాని, పండు తిని పొమ్మన్నారు ఆవిడ.

కొత్తకోడలు ఎంచిన బొప్పాయినే కోశారు. అందరూ తలో ముక్కా నోట్లో పెట్టుకున్నారు. నీళ్లలో నానబెట్టిన అట్టముక్కలా చప్పగా ఉంది. పిల్లలు పళ్లెం దూరంగా జరిపారు. ఫరవాలేదమ్మా, మొదటిసారి కదా అన్నారు మామగారు. కొత్తకోడలు సిగ్గుతో తల వంచుకుంది.

అత్తగారు మాత్రం తాపీగా నమిలి మింగి, కోడలి భుజం మీద చెయ్యి వేసి, మామగారి వైపు చూశారు.

"ఇవాళ తొందరపడ్డట్టున్నారు. వచ్చే ఆదివారం ఇంకాస్త నిదానంగా చూసి తీసుకోండి" అని, ఆ చప్పటి బొప్పాయే ఇంకో ముక్క తీసుకుని నోట్లో వేసుకున్నారు.